కారు బానెట్ మీద రొట్టె

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఊరి పేరు నేను కల్పించింది. మనుషుల పేర్లు మార్చాను. రొట్టె మీది గుర్తును కూడా కాస్త మార్చే చెబుతున్నాను. ఎవరైనా కూపీ లాగుదామని చదువుతుంటే వాళ్ళ కళ్ళకు శ్రమ తప్ప ఏమీ మిగలదు. నేను మార్చనిది ఒక్కటే, ఒగుల్‌గెరెక్ అక్క స్వభావం. దాన్ని మార్చడం ఆవిడ అత్తగారి వల్లే కాలేదు, ఇక నా వల్ల ఏమవుతుంది.

ఆవిడ వాళ్ళింట్లో నాలుగో ఆడపిల్ల. మొదటి ముగ్గురికీ పువ్వుల పేర్లు పెట్టి విసిగిపోయిన తండ్రి ఈమెకు 'కొడుకు కావాలి' అని పేరు పెట్టాడు. ఒగుల్‌గెరెక్ అంటే అదే. మా తుర్క్‌మెన్‌లలో ఇలాంటి పేర్లు వీధికి నాలుగుంటాయి, ఎవరూ నవ్వరు. తర్వాత నిజంగానే కొడుకు పుట్టాడు. "నా పేరు దరఖాస్తు కాయితం లాంటిది, పని అయిపోయాక ఎవరికీ అక్కర్లేదు" అంటుంది ఆవిడ. ఈ మాట అన్నప్పుడల్లా తనే ముందు నవ్వుతుంది.

పందొమ్మిదో ఏట అక్‌గుయి అనే పత్తి ఊరికి కోడలుగా వెళ్ళింది. కొత్త కోడలు మామగారి ఎదుట నోరు విప్పకూడదు. తలగుడ్డ కొంగు పళ్ళ మధ్య బిగించి పట్టుకోవాలి. కొందరు మామగార్లు ఏడాదికే ఆ పట్టు వదిలేస్తారు, కొందరు రెండేళ్ళకు. ఈవిడ మామగారు పట్టింపు మనిషి, ఎనిమిదేళ్ళు వదల్లేదు. ఇప్పుడు ఆవిడ గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంటే నేను ఆపను, ఎనిమిదేళ్ళ బాకీ తీర్చుకుంటోందని ఊరుకుంటాను.

నాలుగేళ్ళకు మరిదికి పెళ్ళయి బొస్సన్ వచ్చింది. తోటికోడళ్ళిద్దరూ పెరట్లో తందూరు దగ్గర, కొంగులు పళ్ళతో పట్టుకుని కళ్ళతోనే మాట్లాడుకునేవారట. మామగారు దగ్గి వెళ్ళిపోగానే ఒకరి మీద ఒకరు పడి నవ్వుకునేవారట. అత్తగారు వాళ్ళకు రొట్టె గుర్తు నేర్పింది అక్కడే. మా దగ్గర పచ్చి రొట్టెను మేకులు దిగ్గొట్టిన చెక్క ముద్రతో పొడిచి గాని తందూరు గోడకు కొట్టరు, లేకపోతే బుడగలా ఉబ్బిపోతుంది. ఆ పొడిచేదేదో అందంగా పొడుస్తారు. ఇంటికో గుర్తు. చాలా ఇళ్ళలో పొట్టేలు కొమ్ములు వేస్తారు, రెండూ బయటికి వంపు తిరిగి ఉంటాయి. వీళ్ళింటి రొట్టె మీద మాత్రం ఒక కొమ్ము బయటికి, ఒకటి లోపలికి. అత్తగారు కాపురానికి వచ్చిన మొదటిరోజున కంగారులో అలా తిప్పేసిందట. ఇంటిల్లిపాదీ తిట్టారట. ఆ పౌరుషంతో నలభై ఏళ్ళు అలాగే వేసింది, కోడళ్ళ చేత కూడా అలాగే వేయించింది. ఆవిడ పోయాక లోకంలో ఆ తిరగబడ్డ కొమ్ము వేసే చేతులు రెండు జతలే మిగిలాయి.

ఒగుల్‌గెరెక్ అక్క పదకొండేళ్ళ కిందట భర్తతో ఇస్తాంబుల్ వచ్చింది. ఆయన ఇళ్ళు కట్టే పనిలో చేరి, మూడో ఏడు గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. అక్కడి జేతిన్‌బుర్ను పేటలో నెర్మిన్ హనుమ్ (అమ్మగారిని అక్కడ హనుమ్ అంటారు) అనే ఎనభై నాలుగేళ్ళ ఆవిడను చూసుకునే పనిలో అక్క కుదిరింది. నెర్మిన్ హనుమ్ నలభై ఏళ్ళు మందుల కొట్టు నడిపిన మనిషి. కాళ్ళు పోయాయి గాని నోరు పోలేదు. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఇక మా సంగతి. మా 'ఎర్తిర్' వార్తల సైటు కూడా ఇస్తాంబుల్‌లోనే, మూడో అంతస్తులో ఒకే గది. కింద దర్జీ కొట్టు. సంపాదకుడు యజ్‌మిరాత్, ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, నవ్వడమంటే ఒళ్ళు నొప్పి అతనికి. నేను ఐనబత్‌ని. పదిహేనేళ్ళు మా దేశపు సర్కారు టీవీలో ఎడిటర్‌గా చేశాను. నా పనేమిటంటే సభలో నిద్రపోతున్న అధికారులను కత్తిరించడం, చప్పట్లు చాలకపోతే పాత సభలోంచి తెచ్చి అతికించడం. ఆ కంపు భరించలేక పారిపోయి వచ్చి, ఇప్పుడు మనుషుల్ని కాపాడ్డానికి ముఖాలు మసక చేస్తుంటాను. మా దేశంలోకి బయటి విలేకరి అడుగు పెట్టలేడు. లోపలివాళ్ళు ప్రాణాలకు తెగించి ఫోనుతో తీసి, నాలుగు చేతులు మార్చి పంపిస్తారు. మేము ఇక్కడ నిజమో కాదో తేల్చి వేస్తాం.

ఆ తేల్చడంలోనే ఒగుల్‌గెరెక్ అక్క మాకు దొరికింది. ఏడేళ్ళ కిందట మేము రొట్టెల కొట్టు ముందు వరుస ఒకటి, ఫలానా పట్నంలోదని ఫోటో వేశాం. ఎవరో తెలియని ఆడమనిషి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ రొట్టె అంచు మందం చూడండి, అది ఆ పట్నం రొట్టె కాదు, మూడొందల కిలోమీటర్ల అవతలిది, కళ్ళు పెట్టుకుని చూడరా, మీరూ సర్కారు టీవీలాగే తయారయ్యారా అని దులిపేసింది. ఆఖరి మాట నాకు తగిలి మండిపోయాను. యజ్‌మిరాత్ మాత్రం వాకబు చేసి, ఆవిడ చెప్పిందే నిజమని తేల్చి, సవరణ వేసి, ఆవిడను టీకి పిలిచాడు. అప్పటినుంచి మాకో నియమం ఏర్పడింది. అక్కడి నుంచి వచ్చిన ఏ బొమ్మయినా అక్క చూశాకే వెయ్యాలి. పిండి రంగు చూసి ఏ మిల్లుదో చెబుతుంది. వరుసలో ఆడవాళ్ళు తలగుడ్డ ముడి వేసుకున్న తీరు చూసి ఏ జిల్లా అంటుంది. పేరు మాత్రం ఎక్కడా వేసుకోదు.

పేరు వేయకపోయినా సంగతి ఎలాగో పొక్కింది. పత్తి మిల్లులో లారీ తోలే మరిది ఉద్యోగం ఊడింది. బొస్సన్ ఫోన్ చేసి, "నీ నోటిదురదకు మా పొయ్యి ఆరిపోయింది. ఇక మీదట నేను నీకేమీ కాను, నువ్వు నాకేమీ కావు" అని పెట్టేసింది. ఆరేళ్ళు మాటల్లేవు. అక్క ఆ సంగతి ఎత్తేది కాదు. వంకాయలు కోస్తూ ఒక్కోసారి ఇలాంటివి బొస్సన్ బాగా వండేది అని నాలుక కరుచుకునేది.

ఇంతకీ ఆ రోజు. ఏప్రిల్ మొదటి మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర. వీడియో వచ్చింది. నిమిషం యాభై సెకన్లు.

అక్‌గుయి జిల్లా కార్యాలయం ముందు రోడ్డు. అరవై, డెబ్బైమంది ఆడవాళ్ళు. సర్కారు పిండి కొట్టు మూసి ఇరవై రెండు రోజులైందని వెనకనుంచి ఎవరో అంటున్నారు. జిల్లా అధికారి తెల్లకారు గేటులోంచి బయటికి వస్తోంది. హారన్ మోగుతోంది. ఒక్కరూ కదలరు. అప్పుడు గుంపులోంచి ఒకావిడ ముందుకొచ్చింది. తలగుడ్డ కొంగు కొత్తకోడల్లా పళ్ళతో బిగించి పట్టుకుంది, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. చంకలో ఉన్న మూట విప్పి, తవుడుతో చేసిన నల్లటి రొట్టె తీసి, రెండు చేతులతో కారు బానెట్ మీద పెట్టింది. నోట మాట లేదు. వెనక్కి వచ్చి నిలబడింది.

కారు ఆగిపోయింది. కదిలితే రొట్టె రోడ్డు మీద పడుతుంది. రొట్టెను నేల పాలు చేసినవాడి ఇంటికి మా దగ్గర ఎవరూ పిల్లనివ్వరు. అధికారి పోనీమని చెయ్యి ఊపుతున్నాడు, డ్రైవరు స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. కాపలావాడు ముందుకు వచ్చాడు, రొట్టె దాకా వచ్చి ఆగాడు. తీసి ఎక్కడ పెడతాడు? నలభై సెకన్లు అలా గడిచాయి. వీడియో తీసేవాళ్ళెవరో గాని ఆ రొట్టెకు బాగా దగ్గరగా వెళ్ళి తీశారు. చివరికి అధికారే దిగాడు. రొట్టెను రెండు చేతులతో ఎత్తి నుదుటికి ఆనించుకున్నాడు, ఎంతైనా ఒక తల్లి కన్న కొడుకే. తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. గుంపులో ముసలావిడ ఒకతె అంది, "తుంచు బాబూ, తినమనే పెట్టింది." అతను తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ తవుడు రొట్టెను నములుతూనే ఉన్నాడు, మింగుడు పడటం లేదు. వీడియో అక్కడితో అయిపోయింది.

నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. నా వయసుకు ఆ పని తగదు, అయినా ఎక్కాను. యజ్‌మిరాత్ కిటికీ తెరిచి, కింద దర్జీని పేరు పెట్టి పిలిచి, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ మూసేశాడు. ఏడేళ్ళలో ఇలాంటిది మాకు రాలేదు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక రొట్టె పెట్టి సర్కారును నడిరోడ్డు మీద నిలబెట్టేశారు.

పనిలో కూర్చున్నాను. డెబ్బై ముఖాలు మసక చేశాను. కారు నంబరు, గేటు మీది బోర్డు, గొంతులు, ఒక ముసలావిడ చెప్పుల మీది పూసల పువ్వు, అన్నీ మాయం చేశాను. నా చెయ్యి రొట్టె మీదికి కూడా వెళ్ళింది. ఒట్టు, వెళ్ళింది. కాని రొట్టెను మసక చేయడమంటే దానికి మసి పూసినట్టే అనిపించింది. దారిలో రొట్టెముక్క కనబడితే తీసి కళ్ళకద్దుకుని గోడ మీద పెట్టే జాతి మాది. ఛ, రొట్టెకు మసి పూస్తానా అనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అక్కకు ఫోన్ చేస్తే కలవలేదు. ఆ రోజు నెర్మిన్ హనుమ్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది, లోపల ఫోన్ కట్టేయమన్నారట. గంట చూశాం. వేరే సైటువాళ్ళకు కూడా ఇదే వీడియో వెళ్ళి ఉంటుందని నాకు ఒకటే ఆరాటం. అక్క చూడకుండానా అన్నాడు యజ్‌మిరాత్. నేను చూశానుగా, పదిహేనేళ్ళు ఈ పనే కదా చేసింది అన్నాను. పదకొండూ నలభైకి వేసేశాం. అరగంటలో తొమ్మిదివేల మంది చూశారు.

పన్నెండూ ఇరవైకి అక్క ఫోన్ చేసింది. మెచ్చుకోడానికే అనుకుని స్పీకర్‌లో పెట్టాను.

"ఐనబత్, ఆ రొట్టె తీసెయ్యి."

"ఏం అక్కా, మీ ఊళ్ళో తీసింది కాదా అది?"

"మా ఊళ్ళో తీసిందే. అది బొస్సన్ చెయ్యి."

వీడియోను మళ్ళీ పెట్టి చూశాం. తవుడు రొట్టె మీద, తెరంతా నిండి, ఒక కొమ్ము బయటికి, ఒకటి లోపలికి. ముఖం మూసుకుని వచ్చిన మనిషి ఇంటి గుర్తును నేనే లోకానికంతా చూపించాను. యజ్‌మిరాత్ వెంటనే తీసేశాడు. ఏం లాభం, అప్పటికే ఎందరో దింపుకున్నారు, పంచుకున్నారు. మా దేశంలో ఆసుపత్రి ముందు వరుసను ఫోటో తీసినందుకు ఒకతన్ని పోలీసులు తీసుకెళ్ళి నాలుగేళ్ళయింది, ఇప్పటికీ ఇంటికి రాలేదు. ఇక అధికారి చేత నడిరోడ్డు మీద తవుడు తినిపించిన ఆడదాన్ని ఏం చేస్తారు?

ఇరవై నిమిషాల్లో టాక్సీ ఆగింది. చక్రాల కుర్చీతో సహా నెర్మిన్ హనుమ్‌ను వెంటబెట్టుకునే వచ్చేసింది అక్క, వదిలేసి రావడానికి ఎవరూ లేరు మరి. దర్జీ, అతని తమ్ముడు కలిసి కుర్చీని మూడంతస్తులు మోశారు. పైకి రాగానే అక్క నా వైపు చూడకుండా అంది, "తప్పు నీ కళ్ళది కాదు ఐనబత్, నీ గర్వానిది." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకోవాలి కూడా.

రొట్టె మసక చేసి మళ్ళీ వేద్దామా అని యజ్‌మిరాత్ అడిగాడు. ఇప్పుడు మసక చేస్తే, చూడాల్సింది ఇదేనని వేలు పెట్టి చూపినట్టే కదా అంది అక్క. బొస్సన్ వీధిలో ప్రతి పెళ్ళికీ ప్రతి చావుకీ ఆ ఇంటి రొట్టె వెళ్ళిందట. గుర్తు తెలియనివాళ్ళు లేరు. ఒక్క నోరు జారితే చాలు. ఆ మాట చెప్పి, ఆవిడ కుర్చీలో కూలబడి, తలగుడ్డ కొంగు తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. నాకు తెలిసిన ఏడేళ్ళలో ఆవిడ అలా చేయగా చూడలేదు. జరిగిందేమిటని నెర్మిన్ హనుమ్ నా మోచెయ్యి గిల్లి అడిగితే గుసగుసగా చెప్పాను.

పావుగంట తర్వాత అక్క కొంగు వదిలింది.

"ఒకళ్ళ చేతిలో ఉంటేనే అది గుర్తు. అందరి చేతిలో ఉంటే ఉత్త రొట్టె. దాచలేనిదాన్ని పంచేద్దాం."

ఆవిడ చెప్పింది ఇదీ. ఆ కొమ్ము ఎలా వేయాలో చూపించే చిన్న వంట వీడియో తీద్దాం. మన ఆడవాళ్ళు ఎక్కడుంటే అక్కడ అదే గుర్తుతో రొట్టెలు చేసి ఫోటోలు పెట్టాలి. అక్‌గుయి దాకా అది పాకాలి. యజ్‌మిరాత్ గడ్డం గోక్కుని, ఇది అందరి పాత గుర్తేనని చెప్పడానికి మాత్రం ఒప్పుకోనన్నాడు. మన దగ్గర అబద్ధం పడితే రేపు నిజం పడ్డా ఎవరూ నమ్మరట. నాకు కోపం వచ్చింది గాని అతను అన్నది న్యాయమే. అబద్ధం ఎవరు చెప్పమన్నారు, అసలు మాటే ఉండదు, చేతులే ఉంటాయి అంది అక్క. మరి ఆ ఇళ్ళన్నిటి మీదా పడతారేమో, వాళ్ళకేమైనా అయితే అని నేను నసిగాను. అది ఆలోచించకుండా పావుగంట కొంగు కొరికాననుకున్నావా అని కసిరింది. ఇష్టమైనవాళ్ళే వేస్తారు, ఎందుకు వేస్తున్నారో అక్కడివాళ్ళకు మనకంటే బాగా తెలుసు అంది.

చేతులు ఎవరివన్నది చిక్కయింది. అక్క మణికట్టు మీద తందూరు కాల్చిన మచ్చ ఉంది, ఊరందరికీ తెలుసు. నా చేతికి పిండి అంటుకుంటుందే తప్ప రొట్టె అవదు. నెర్మిన్ హనుమ్ రెండు చేతులూ చాపింది. "నలభై ఏళ్ళు డాక్టర్ల రాత చదివి మందులిచ్చిన చేతులివి. పొట్టేలు కొమ్ము గీయలేవా?"

ఆవిడ వంటింట్లోనే తీశాం. మేకుల ముద్ర అందరికీ దొరకదు కాబట్టి సీసా మూతతో వంపు, ఫోర్కుతో చుక్కలు. మొదటిసారి ఆవిడ రెండు కొమ్ములూ బయటికే వేసింది. సరిగ్గా వేశాను కదా అని ఆవిడ గర్వం. సరిగ్గా వేయడమే తప్పు అమ్మగారూ అని అక్క మొత్తుకుంది. మూడోసారికి కుదిరింది. ముడతలు పడ్డ తెల్లటి వేళ్ళు, ఉంగరం, పిండి, అంతే. అందులో మాట లేదు, పేరు లేదు. ఎర్తిర్‌లో వేయలేదు. తలగుడ్డలు, పచ్చళ్ళు అమ్ముకునే ఆడవాళ్ళ వంటల గ్రూపులో పెట్టాం. నలభై వేల మంది ఉంటారు అందులో, సగం మంది లోపలివాళ్ళే, వీపీఎన్ పెట్టుకుని దొంగచాటుగా చూస్తారు. వంటల గ్రూపును ఏ నిఘావాడూ చూడడు.

అక్క ఊరుకోలేదు. జేతిన్‌బుర్నులో ఇళ్ళ పనిచేసే తుర్క్‌మెన్ ఆడవాళ్ళకు తనే వరసగా ఫోన్లు చేసింది. కారణం చెప్పదు, చెయ్యి అంటుంది. ఒకామె తనకు ఓవెన్ లేదంటే పెనం లేదా అంది. ఇంకొకామె యజమానురాలు తిడుతుందంటే ఆవిడక్కూడా ఒకటి కాల్చి పెట్టు అంది. సాయంత్రానికి రెండొందల పన్నెండు ఫోటోలు. కొన్యాలో చదువుకునే అమ్మాయి మాడ్చి బొగ్గు చేసి పెట్టింది, బొగ్గు మీద కూడా కొమ్ము కనబడుతోంది. మర్నాటికి అంకారా నుంచి, మాస్కో నుంచి వచ్చాయి. రెండోరోజు మధ్యాహ్నం ఒక ఫోటో వచ్చింది, వెనక మట్టి తందూరు, నేల మీద మా ఎడారి ఇసుక. అది లోపలిది. నేను గట్టిగా ఏడ్చేశాను. అక్క ఆ ఇసుకను తేరిపార చూసి, అక్‌గుయికి యాభై కిలోమీటర్ల ఇవతల అని తేల్చింది.

మూడోరోజు జరిగింది మాత్రం నా జన్మలో మరిచిపోను. సర్కారు టీవీ మా వీడియోను అబద్ధం చేయడానికి అక్‌గుయి వెళ్ళింది. నా పాత కొలీగులే. పిండి బస్తాల గుట్ట, దాని ముందు బల్ల, బల్ల మీద పద్నాలుగు రొట్టెలు, వెనక కొత్త బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు, మాకే లోటూ లేదని ఒకావిడ అప్పజెప్పిన పాఠం చెబుతోంది. పాత అలవాటుతో నేను ఎక్కడ అతికించారా అని చూస్తున్నాను. చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచాను. వెనక్కి తిప్పి ఒక్కో ఫ్రేమూ ఆపి లెక్కపెట్టాను. పద్నాలుగులో పదకొండింటి మీద తిరగబడ్డ కొమ్ము. రాజధాని నుంచి వచ్చిన కెమెరా మనుషులకు తెలియదు, తెలిసిన జిల్లా అధికారి చెప్పుకోలేడు. సాయంత్రం వార్తల్లో దేశమంతా చూపించారు. యజ్‌మిరాత్ నవ్వాడు. దర్జీని పిలిచి చూపించాల్సినంత నవ్వు.

వీడియో మళ్ళీ వేసేద్దామా అని అడిగాడు. బొస్సన్ సంగతి తెలిసేదాకా వద్దంది అక్క. నాలుగోరోజు అక్కడి నుంచి కబురొచ్చింది. పిండి నాణ్యత తనిఖీ పేరుతో ముగ్గురు మనుషులు అక్‌గుయిలో ఇంటింటికీ వెళ్ళి రొట్టెల మూటలు విప్పించి చూస్తున్నారట. బొస్సన్ వీధి ఇంకా రాలేదట. ఆ తర్వాత రెండు రోజులు ఏ కబురూ రాలేదు. అక్క అన్నం ముట్టలేదు. నెర్మిన్ హనుమ్ మందులు వేసుకోనని మొరాయించి, నువ్వు తింటేనే వేసుకుంటానని బెదిరించి నాలుగు ముద్దలు తినిపించింది.

ఆరోరోజు ఆదివారం, మిట్టమధ్యాహ్నం. అందరం ఆఫీసులోనే ఉన్నాం. తెలియని నంబరు. అక్క ఎత్తగానే స్పీకర్ నేనే నొక్కాను. అవతల ఆడగొంతు.

"నీ నోరు ఆగదని తెలుసు అక్కా. నీ చెయ్యి కూడా ఆగదన్నమాట."

అక్క పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. ఎనిమిదేళ్ళు మూగగా ఉన్నప్పుడు కూడా ఆ ముఖం అలా ఉండి ఉండదు. స్పీకర్ నేనే నొక్కాను.

బొస్సన్ గబగబా చెప్పింది. ఆ వీడియో సంగతి మొదటిరోజే తెలిసిందట. తెలియగానే అత్తగారి మేకుల ముద్రను తందూరులో వేసి కాల్చేసిందట. ఆ రోజు నుంచి రొట్టెను ఊరికే ఫోర్కుతో పొడిచి కాలుస్తోందట. రెండోరోజు పొద్దున పక్కింటావిడ గోడ మీంచి రొట్టె అందించింది, దాని మీద తిరగబడ్డ కొమ్ము. ఎదురింట్లోనూ అదే, చివరింట్లోనూ అదే. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. తనిఖీవాళ్ళు నిన్న వీధిలోకి వచ్చి పంతొమ్మిది ఇళ్ళు చూశారు. ఇది ఎవరు నేర్పారని అడిగితే ప్రతి ఇంట్లోనూ మా అత్తగారే అన్నారు. పద్దెనిమిదిమంది అత్తగార్లను ఎక్కడని పట్టుకుంటారు. అందులో సగంమంది పోయి ఎన్నేళ్ళో అయింది.

పంతొమ్మిదో ఇల్లు బొస్సన్‌ది. మూట విప్పారు. ఉత్త చుక్కలు. పెద్ద తనిఖీదారు ఆ రొట్టెను ఎత్తి పట్టుకుని, వీధిలోకి వచ్చి, అందరికీ వినబడేలా చెప్పాడట, ఈ వీధిలో దేశం మీద భక్తి ఉన్న ఇల్లు ఇదొక్కటే, చూసి నేర్చుకోండి అని. పద్దెనిమిది గడపల్లో ఆడవాళ్ళు నిలబడి, కొంగులు పళ్ళతో బిగించి పట్టుకుని, తల ఊపారట.

మేము నవ్వాం. పొట్ట పట్టుకుని నవ్వాం. నెర్మిన్ హనుమ్ దగ్గొచ్చేదాకా నవ్వింది. యజ్‌మిరాత్ అప్పుడే కంప్యూటర్ ముందుకు జరిగి ఆ వీడియోను మళ్ళీ వేసే పనిలో పడ్డాడు, రొట్టెతో సహా, ఏ మసకా లేకుండా. ఫోన్‌లో బొస్సన్ కూడా నవ్వుతోందనుకున్నాం. ఏడుస్తోందని కాసేపటికి గాని అర్థం కాలేదు.

"అక్కా, ఊరంతా అత్త రొట్టే. నా ఇంట్లోనే లేదు. ఇక వెయ్యలేను కదా. వాడు మళ్ళీ వస్తాడు."

అక్క ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"నీ వంతు కూడా నేను వేస్తాలే. నువ్వు మాత్రం ఆ మొండి రొట్టే కాల్చుకుంటూ బతికుండవే."